దూరాన ఉన్న చేయి: అంతరిక్షంలోనూ ఆపరేషన్ గదిలోనూ

పారిశ్రామిక రోబోలను గురించి ముందు భాగంలో చదివారు. కార్ల ఫ్యాక్టరీలో వెల్డింగ్ చేసే రోబోకి ఒకసారి పని నేర్పితే అదే పనిని రాత్రీ పగలూ చేసుకుపోతుంది. ఈ భాగంలో మీరు చదవబోయే యంత్రాల సంగతి వేరు. వీటికి సొంత తెలివి తక్కువ, కొన్నింటికి అసలే లేదు. ఒకచోట మనిషి చేయి కదిపితే మరొకచోట ఇనుప చేయి కదులుతుంది. అక్కడి కెమెరా చూసినది ఇక్కడి మనిషికి కనిపిస్తుంది. ఈ పద్ధతిని ఇంజనీర్లు టెలీఆపరేషన్ అంటారు. మనం దూరచాలనం అందాం.

హైదరాబాదులోనో విజయవాడలోనో పెద్ద ఆస్పత్రుల ముందు ‘రోబోటిక్ సర్జరీ’ అనే బోర్డులు మీరు చూసే ఉంటారు. రోబో తనంతట తానే కోసి కుట్టేస్తుందని కొందరు, అమెరికాలో కూర్చున్న డాక్టరు ఇక్కడి రోగికి ఆపరేషన్ చేస్తాడని మరికొందరు అనుకుంటారు. సాధారణంగా అక్కడ జరిగేది ఈ రెండూ కాదు. సర్జన్ అదే గదిలో, రోగికి నాలుగడుగుల అవతల, ఒక పరికరంలోకి తొంగి చూస్తూ కూర్చుంటారు. అక్కడినుంచి రోబో చేతుల్ని నడుపుతారు.

చరిత్ర విద్యార్థికి ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఎదురవుతుంది. శస్త్రచికిత్స రోబోను తలపెట్టిన వారి ఉద్దేశం డాక్టరు ఒకచోట, రోగి వేరొకచోట ఉండాలన్నది. తీరా అది ఒకే గదిలో స్థిరపడింది. అంతరిక్షంలో దీనికి తలకిందులుగా జరిగింది. అక్కడ మరచేతిని మొదట వ్యోమగామి కిటికీలోంచి చూస్తూ నడిపాడు. ఇప్పుడు చాలా పనులకు దాన్ని భూమ్మీది నుంచే నడుపుతున్నారు. ఒక శాఖ దూరంనుంచి దగ్గరికీ, రెండోది దగ్గరనుంచి దూరానికీ ఎందుకు మళ్లాయి? ఈ భాగమంతా ఆ ప్రశ్న చుట్టూ నడుస్తుంది.

గోడకు అటూ ఇటూ

దూరంనుంచి యంత్రాన్ని నడపాలన్న ఊహ పాతదే. 1898లో న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నికోలా టెస్లా రేడియో తరంగాలతో ఒక చిన్న పడవను నడిపి చూపించాడు. అయితే పడవకు చెప్పవలసినవి కొద్దిపాటి ఆజ్ఞలే. చేతివేళ్లు చేసే పనిని దూరానికి పంపడం అంతకన్నా కష్టం. ఆ అవసరం అణుబాంబు తయారీతో వచ్చింది.

రేడియోధార్మిక పదార్థాన్ని చేత్తో ముట్టుకోలేం. దగ్గర నిలబడినా ప్రమాదమే. అయినా దాన్ని కోయాలి, సీసాల్లోకి వంచాలి, తూకం వేయాలి. షికాగో సమీపాన ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో రేమండ్ గోర్ట్జ్ అనే ఇంజనీరు 1940ల చివర దీనికి ఒక ఉపాయం కనిపెట్టాడు. మందపాటి గోడకు ఇవతల ఒక జత పిడులు, అవతల ఒక జత పట్టుకార్లు. రెంటినీ గోడ మీదుగా తీగలు, కప్పీలు, లోహపు పట్టీలు కలుపుతాయి. మందమైన రక్షణ గాజులోంచి చూస్తూ ఇవతల చేయి తిప్పితే అవతలి పట్టుకారు అలాగే తిరుగుతుంది. ముంబై శివారు ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రంలో కూడా ఈ కుటుంబానికి చెందిన యంత్రాలనే తయారు చేసి వాడుతున్నారు.

ఈ జంటలో ఒకదానికి మాస్టర్ అనీ, రెండోదానికి స్లేవ్ అనీ పేరు స్థిరపడింది. ఒకటి యజమాని, ఒకటి బానిస. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన నాటకంతో ప్రపంచానికి అందిన ‘రోబో’ అన్న మాట కూడా వెట్టిచాకిరీ అనే అర్థమున్న పదం నుంచే వచ్చింది. యంత్రాలకు మనిషి పెట్టుకున్న పేర్లు మనిషి చరిత్రను దాచవు.

గోర్ట్జ్ ఇంకో అడుగు వేశాడు. గోడ మీదుగా తీగలు లాగవలసినంత కాలం మనిషి గోడ పక్కనే ఉండాలి. 1954లో ఆయన తీగల స్థానంలో విద్యుత్ మోటార్లు పెట్టాడు. ఇక రెండు చేతుల్నీ కలిపేది కరెంటు సంకేతమే. సంకేతం ఎంత దూరమైనా పోగలదు. అవతలి పట్టుకారు దేనికైనా తగిలితే ఆ ఒత్తిడి ఇవతలి పిడికి తిరిగొచ్చి మనిషి చేతికి తెలిసే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఈ స్పర్శ సంగతి గుర్తుంచుకోండి, ఆపరేషన్ గదిలో మళ్లీ దీనితో పనిపడుతుంది.

చంద్రుడి మీద బండి, క్రిమియాలో డ్రైవరు

సంకేతం ఎంత దూరమైనా పోగలదన్నాం. కానీ పోవడానికి కాలం పడుతుంది. భూమి నుంచి చంద్రుడికి సుమారు 3,84,000 కిలోమీటర్లు. కాంతి, రేడియో తరంగాలు సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్లు పోతాయి. మన ఆజ్ఞ అక్కడికి చేరి, దాని ఫలితం మనకు కనబడేసరికి రెండున్నర సెకన్లు దాటుతుంది. ఎంత డబ్బు పోసినా, ఎంత మంచి యంత్రం కట్టినా ఈ లెక్క తగ్గదు.

రెండున్నర సెకన్లు ఏపాటి అనిపించవచ్చు. ఉపగ్రహాల ద్వారా విదేశీ ఫోన్లు నడిచిన రోజుల్లో అమెరికాలోని పిల్లలతో మాట్లాడిన తల్లిదండ్రుల్ని అడిగి చూడండి. ఇటునుంచి మాట పోయి, అటునుంచి జవాబు వచ్చేలోగా అర సెకనుకు పైగా పట్టేది. ఆ కాస్త సందులోనే వినబడలేదేమో అనుకుని ఇద్దరూ ఒకేసారి మాట్లాడేవారు, ఒకేసారి ఆగేవారు, ‘చెప్పు, చెప్పు’ అంటూ నిమిషాలు పోగొట్టుకునేవారు. చేతిపనిలోనూ ఇదే జరుగుతుంది. పట్టుకారు ఇంకా కదలలేదని మరికాస్త తోస్తాం. నిజానికి అది కదిలింది, మనకు కనబడలేదంతే. రెండో తోపు అనవసరపు తోపు. దాన్ని సరిచేయబోయి మూడో తప్పు.

1960లలో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో విలియం ఫెరెల్, థామస్ షెరిడన్ దీన్ని ప్రయోగాలతో పరిశీలించారు. ఆలస్యం ఉన్న మరచేతిని ఇచ్చి చూస్తే, మనుషులు ఎవరూ చెప్పకుండానే ఒక పద్ధతికి వచ్చారు. కొద్దిగా కదపడం, ఆగి చూడడం, మళ్లీ కొద్దిగా కదపడం. పని పాడవదు, కానీ ఆలస్యం పెరిగిన కొద్దీ పట్టే సమయం పెరుగుతూ పోతుంది. దీనికి వారిద్దరూ 1967లో సూచించిన మార్గం పర్యవేక్షక నియంత్రణ. చేతి ప్రతి కదలికనూ ఇక్కడినుంచి పంపకుండా, ‘ఫలానా రాయిని పట్టుకో’ అని చెప్పి, పట్టుకునే వివరాలను అక్కడి యంత్రానికే వదిలేయడం. మనిషి డ్రైవరు స్థానం నుంచి మేస్త్రీ స్థానానికి మారతాడు.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో అమెరికా నౌక సర్వేయర్-3 చంద్రుడి మీద దిగింది. దానికున్న చిన్న పారతో కాలిఫోర్నియాలో కూర్చున్నవారు చంద్రుడి మట్టిని తవ్వారు. అంతకన్నా ఆసక్తికరమైన కథ సోవియట్ యూనియన్‌ది. 1970 నవంబర్ 17న లూనా-17 నౌక లునోఖోద్-1 అనే ఎనిమిది చక్రాల బండిని చంద్రుడి మీదికి చేర్చింది. క్రిమియాలోని సింఫెరోపోల్ దగ్గర ఐదుగురు మనుషులు కలిసి దాన్ని నడిపారు: కమాండరు, డ్రైవరు, నావిగేటరు, ఇంజనీరు, యాంటెన్నాను సరైన దిక్కుకు తిప్పి ఉంచే ఒక ఆపరేటరు. వారి ముందు కదిలే బొమ్మ లేదు. ఆగి ఆగి వచ్చే నిశ్చల చిత్రాలు, ఒక్కో చిత్రానికి ఒక్కోసారి 20 సెకన్ల దాకా. గుంట అంచున ఉన్న బండికి ‘ఆగు’ అనే ఆజ్ఞ చేరేలోపల అది ఇంకా కదులుతూనే ఉంటుంది. మూడు నెలలకని తయారైన ఆ బండి పది నెలలకు పైగా పనిచేసి పదిన్నర కిలోమీటర్లు నడిచింది. దాని తర్వాతి బండి లునోఖోద్-2 1973లో 39 కిలోమీటర్ల దాకా తిరిగింది. చివరికి ఒక గుంటలో దాని మూత గట్టుకు రాసుకుని మట్టి నిండింది. ఆ మూతను మూసినప్పుడు మట్టి వేడిని వెదజల్లే పలక మీద పడి యంత్రం వేడెక్కి ఆగిపోయింది. పక్కన మనిషి ఉంటే గుడ్డతో తుడిచేసేవాడు.

అర్ధశతాబ్దం తర్వాత మన ప్రజ్ఞాన్‌కూ ఇదే పరీక్ష ఎదురైంది. శ్రీహరికోట నుంచి బయలుదేరిన చంద్రయాన్-3, 2023 ఆగస్టు 23న దిగింది. నాలుగు రోజుల తర్వాత ప్రజ్ఞాన్ రోవరుకు మూడు మీటర్ల ముందు నాలుగు మీటర్ల వెడల్పున్న గుంట కనిపించింది. వెనక్కి తిరగమని ఆజ్ఞ పంపారు. రోవరు వచ్చిన దారినే వెనక్కి వెళ్లి వేరే దారి పట్టింది. చూసి, ఆగి, ఆలోచించి, ఆజ్ఞ ఇవ్వడమే అక్కడి పద్ధతి. అంగారకుడి దగ్గర అదీ కుదరదు. సంకేతం ఒకవైపు పోవడానికే మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. అందుకే అక్కడి రోవర్లకు రోజుకు సరిపడా పని ఒకేసారి అప్పగిస్తారు.

అంతరిక్షంలో మరచేతుల కథ క్లుప్తంగా చెప్పుకోవచ్చు. కెనడా తయారు చేసిన, సుమారు 15 మీటర్ల పొడవున్న కెనడార్మ్ 1981 నవంబర్‌లో స్పేస్ షటిల్‌తో తొలిసారి పైకి వెళ్లింది. భూమ్మీద తన బరువు తానే ఎత్తుకోలేని ఆ చేయి అక్కడ ఉపగ్రహాలను పట్టుకుని నిలిపింది. నడిపినవారు షటిల్ లోపలి వ్యోమగాములు, కాబట్టి ఆలస్యం లేదు. 1993లో జర్మన్ శాస్త్రవేత్తలు రోటెక్స్ ప్రయోగంలో తమ చిన్న రోబోను భూమి నుంచి నడిపారు. అక్కడ ఆలస్యం ఐదు నుంచి ఏడు సెకన్లు. అయినా గాలిలో తేలుతున్న వస్తువును పట్టించారు. వారు చూసింది వచ్చిన చిత్రాన్ని కాదు. కొన్ని సెకన్ల తర్వాత అక్కడ ఏముంటుందో కంప్యూటరు ముందుగా లెక్కగట్టి చూపిన చిత్రాన్ని. 2001లో అంతరిక్ష కేంద్రానికి బిగించిన కెనడార్మ్-2 పనుల్లో ఎక్కువ భాగం కాలక్రమేణా భూమ్మీది కేంద్రాలకు చేరింది. వ్యోమగామి గంట విలువైనది, భూమ్మీది ఇంజనీరు గంట చవక. మరచేయి పని నిదానంగా జరిగినా నష్టం లేదు. ఇస్రో కూడా 2024 డిసెంబర్ 30న శ్రీహరికోట నుంచి పంపిన పీఎస్ఎల్‌వీ-సీ60 చివరి దశలో, పాకుతూ చోటు మారగల మరచేతిని పరీక్షించింది.

‘నిదానంగా జరిగినా నష్టం లేదు’ అన్న మాట కింద గీత గీసుకోండి.

యుద్ధభూమి కల

శరీరానికి ఆ వెసులుబాటు లేదు. రక్తనాళం తెగితే అది ఆగి చూడనివ్వదు.

1980ల చివర అమెరికాలో మూడు ఆసక్తులు ఒకచోట కలిశాయి. అంతరిక్ష సంస్థ నాసా పరిశోధకులు మనిషి తాను లేని చోట ఉన్నట్టు అనుభూతి చెందే ‘టెలీప్రెజెన్స్’ మీద పనిచేస్తున్నారు. సన్నని నరాలను, రక్తనాళాలను అతికే సర్జన్ జోసెఫ్ రోజెన్‌కు చేతి వణుకును తగ్గించే పరికరం కావాలి. ఎస్ఆర్ఐ అనే పరిశోధన సంస్థలో ఫిలిప్ గ్రీన్ బృందం అలాంటి యంత్రాన్ని కట్టసాగింది. సైనిక సర్జన్ రిచర్డ్ సటావా దాన్ని చూసి యుద్ధానికి పనికొస్తుందని భావించాడు. గాయపడ్డ సైనికుడు తొలి గంటలోనే రక్తం పోయి చనిపోతాడు, సర్జన్ను కాల్పుల మధ్యకు పంపలేం. కాబట్టి కవచవాహనంలో రోబో చేతులు, వెనుక సురక్షితమైన చోట సర్జన్. అమెరికా రక్షణ శాఖ డబ్బు పెట్టింది. జంతువుల మీద ప్రయోగాలు జరిగాయి. యుద్ధభూమికి మాత్రం అది చేరలేదు.

ఈలోగా పొట్ట కోయకుండా చిన్న రంధ్రాల గుండా చేసే లాపరోస్కోపీ వ్యాపించింది. రోగికి మేలే, సర్జన్‌కు మాత్రం అవస్థ. రంధ్రం ఇరుసులా పనిచేస్తుంది కనుక చేయి కుడికి జరిపితే లోపలి మొన ఎడమకు జరుగుతుంది. పొడుగాటి కడ్డీ చివర మణికట్టు లేదు. 1995లో స్థాపితమైన ఇంట్యూటివ్ సర్జికల్ సంస్థ ఎస్ఆర్ఐ యంత్రాన్ని ఈ అవస్థకు మందుగా మార్చుకుంది. కడ్డీ చివర మణికట్టు పెట్టింది, వణుకును వడగట్టింది, సర్జన్ చేయి పెద్దగా జరిగితే మొన కొద్దిగా మాత్రమే జరిగేలా చేసింది. ‘డా విన్సీ’ పేరుతో అది 2000 జూలైలో అమెరికాలో అనుమతి పొందింది. సర్జన్ అదే గదిలో కూర్చుంటే సైనికుల కోసం తలపెట్టిన దూరం అక్కర్లేకుండానే ఈ లాభాలన్నీ దక్కాయి.

గోర్ట్జ్ 1954లో చేతికి అందించిన స్పర్శ ఈ యంత్రంలో లేదు. దారం ఎంత బిగిసిందో సర్జన్ కంటితో చూసి అంచనా వేసుకోవాలి. ఆ సంస్థ యంత్రాల్లోకి ఒత్తిడిని తెలిపే ఏర్పాటు 2024లో గానీ రాలేదు. చరిత్రను సరళరేఖగా ఊహించుకునేవారికి ఇది పనికొచ్చే ఉదాహరణ.

2001 సెప్టెంబర్ 7

అసలు కలను నిజం చేసింది దీని పోటీ యంత్రం, కంప్యూటర్ మోషన్ సంస్థ తయారు చేసిన జ్యూస్. ఫ్రెంచ్ సర్జన్ జాక్ మరెస్కో న్యూయార్క్‌లో కూర్చుని, ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బుర్గ్ ఆస్పత్రిలో ఉన్న 68 ఏళ్ల మహిళకు పిత్తాశయం తొలగించాడు. 1927లో అట్లాంటిక్‌ను ఒంటరిగా దాటిన విమాన చోదకుడి పేరిట దీన్ని ‘లిండ్‌బర్గ్ ఆపరేషన్’ అన్నారు. రోబోతో చేసిన కోత 54 నిమిషాల్లో ముగిసింది. ఆమె కోలుకుంది. నాలుగు రోజుల తర్వాత అదే న్యూయార్క్‌లో జంట భవనాలు కూలాయి, పత్రికల్లో ఈ వార్తకు చోటు మిగల్లేదు.

ఇక్కడొక లెక్క చేయండి. సంకేతం పోనూ రానూ సుమారు 14,000 కిలోమీటర్లు ప్రయాణించింది. ఫైబర్ కేబుల్లో వెలుగు సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పోతుంది. అంటే దాదాపు 70 మిల్లీసెకన్లు. నమోదైన ఆలస్యం సగటున 155. మిగిలింది ప్రధానంగా వీడియోను కుదించి పంపి మళ్లీ విప్పడానికీ, దారిలోని యంత్రాలకూ పట్టిన సమయం. ఆ బృందం అంచనాలో సురక్షితంగా పనిచేయడానికి హద్దు 300 మిల్లీసెకన్ల చుట్టుపక్కల. ఇప్పుడు అంతరిక్ష కేంద్రాన్ని తీసుకోండి. అది మన తలమీద 400 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతుంది. కానీ దానితో నిరంతరం మాట్లాడాలంటే 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం ద్వారా పోవాలి. ఆజ్ఞ ఎక్కి దిగి, చిత్రం ఎక్కి దిగితే 1,44,000 కిలోమీటర్లు, దాదాపు అర సెకను. న్యూయార్క్ నుంచి స్ట్రాస్‌బుర్గ్ దగ్గర, అంతరిక్ష కేంద్రం దూరం. ఈ చరిత్రలో దూరాన్ని కిలోమీటర్లతో కొలిస్తే ఏదీ అర్థం కాదు, సెకన్లతో కొలవాలి.

మరి ఆలస్యం హద్దులోనే ఉంది కదా, లిండ్‌బర్గ్ ఆపరేషన్ ఎందుకు అలవాటుగా మారలేదు? కెనడాలో మెహ్రాన్ అన్వరి 2003 నుంచి హామిల్టన్‌లో కూర్చుని, 400 కిలోమీటర్ల అవతల నార్త్ బే పట్టణంలోని రోగులకు ఇరవైకి పైగా ఆపరేషన్లు చేశాడు. అదీ కొనసాగలేదు. పేటెంట్ల కోసం కోర్టుకెక్కిన రెండు సంస్థలూ 2003లో ఒకటయ్యాయి, దూరాన్ని నమ్ముకున్న జ్యూస్ యంత్రం మార్కెట్ నుంచి తప్పుకుంది. ఇది ఒక కారణం. ప్రత్యేక కేబుల్ లైనుకయ్యే ఖర్చు, రోగికి హాని జరిగితే ఏ దేశపు చట్టం వర్తిస్తుందన్న చిక్కు మరికొన్ని. నా దృష్టిలో అసలు కారణం వేరు.

రోగి పక్కన ఎవరున్నారు?

స్ట్రాస్‌బుర్గ్‌లో ఆమె పక్కన మత్తు వైద్యులున్నారు, నర్సులున్నారు. లైను తెగితే వెంటనే చేయి వేయగల సర్జన్లున్నారు. నార్త్ బేలోనూ స్థానిక సర్జన్లు బల్ల దగ్గరే నిలబడ్డారు. రంధ్రాలు వేయడం, పరికరాలు మార్చడం, చివర కుట్లు వేయడం స్థానికుల పనే. అంటే దూరపు సర్జన్ వల్ల స్థానిక సర్జన్ అవసరం తీరిపోలేదు. నార్త్ బేకు దక్కింది అక్కడి సర్జన్లకు ఇంకా అలవాటు లేని ఆపరేషన్లలో అనుభవజ్ఞుడి చేయి. అది మంచి ప్రయోజనమే. కానీ ‘డాక్టరు లేని ఊరికి రోబో’ అన్న మాట వేరు, ఇది వేరు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అనలేదు.

మన దేశంలోనూ ప్రయత్నాలు జరిగాయి. 2018 డిసెంబర్‌లో డాక్టర్ తేజస్ పటేల్ గాంధీనగర్‌లోని అక్షరధామ్ ఆలయ ప్రాంగణంలో కూర్చుని, సుమారు 32 కిలోమీటర్ల దూరాన అహ్మదాబాద్ ఆస్పత్రిలో ఉన్న ఐదుగురి గుండె ధమనుల్లో స్టెంట్లు అమర్చాడు. 2025 జనవరిలో మన దేశంలోనే తయారైన ఎస్ఎస్ఐ మంత్ర రోబోతో గురుగ్రామ్ నుంచి జైపూర్‌లోని రోగికి గుండె ఆపరేషన్ జరిగింది. సాంకేతికంగా ఇవి గట్టి విజయాలు. కానీ రోగులు రెండుచోట్లా అన్ని వసతులూ ఉన్న నగర ఆస్పత్రుల్లోనే ఉన్నారని గమనించండి. ఏజెన్సీ ప్రాంతపు ఆరోగ్య కేంద్రంలో మత్తు వైద్యుడు, రక్తనిధి, నిలకడైన కరెంటు లేకపోతే అక్కడికి రోబో చేతుల్ని పంపి లాభం లేదు. అవి ఉన్నచోటికి సర్జన్ వెళ్లడం కష్టం కాదు.

విడిపోయిన రెండు శాఖలూ ఈ మధ్య మళ్లీ కలుసుకున్నాయి. నెబ్రాస్కా విశ్వవిద్యాలయ పరిశోధనలో పుట్టిన, కిలో బరువు కూడా లేని చిన్న శస్త్రచికిత్స రోబో ‘స్పేస్ మీరా’ను 2024 జనవరి చివర అంతరిక్ష కేంద్రానికి పంపారు. ఫిబ్రవరిలో లింకన్ నగరంలో కూర్చున్న సర్జన్లు దాన్ని భూమి నుంచి నడిపారు. ఆలస్యం అర సెకనుకు పైనే. ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కత్తిరించే పనిలో సర్జన్లు తమ కదలికల్ని నెమ్మది చేసుకున్నారు. ఫెరెల్, షెరిడన్ చెప్పినట్టే కొద్దిగా కదిపి చూసుకుంటూ పోవడమన్నమాట. వారి ముందున్నది కణజాలానికి బదులుగా బిగించిన రబ్బరు బ్యాండ్లు. తెగినా రక్తం రాదు, ఎంతసేపైనా ఆగి చూడవచ్చు.